మనోడైతే మాఫీయేనా?

మొన్న జుమా నమాజ్ అయ్యాక మసీదు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చున్నాం. టీవీలో ఎవరో నాయకుడి మీద ఇల్జామ్‌ల వార్త నడుస్తోంది. పక్క బెంచీ మీదున్న పెద్దాయన ఒకసారి తలెత్తి చూసి, "మనోడేనా?" అని అడిగాడు. "కాదు చాచా, వేరేవాళ్ళు" అన్నాడు చాయ్ ఇచ్చే కుర్రాడు. "అయితే నిజమే అయ్యుంటుంది" అన్నాడాయన, సాసర్లో చాయ్ ఊదుకుంటూ. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

ఆ నాయకుడు మనోడే అయ్యుంటే చాచా ఏమనేవాడో నాకు తెలుసు. "ఇదంతా సాజిష్" అనేవాడు. సబూత్ ఏమిటో చూడకుండానే రెండు ఫైసలాలూ అయిపోతాయి. సియాసత్‌లో ఉన్నవాళ్ళు ఎంత పెద్ద బద్నామీ నుంచైనా ఎలా బయటపడతారు అన్న సవాల్‌కి సగం జవాబు ఆ బెంచీ మీదే ఉంది. మిగతా సగం కోసం కొంచెం వెనక్కి వెళ్దాం.

మాది కర్నూలు. మా దాదా ప్రైవేటు బస్సులో క్లీనరుగా పనిచేసేవాడు. ఆయన చెప్పే కిస్సాల్లో ఒకటి బస్సు రూట్లది. 1960ల మొదట్లో నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి. కర్నూలు జిల్లా పడమటి వైపు నడిచే ప్రైవేటు బస్సు రూట్లను సర్కారు తీసుకోవాలనుకుంది. బస్సుల వాళ్ళు కోర్టుకి వెళ్ళారు. అక్కడి ఆపరేటర్లు సియాసత్‌లో ముఖ్యమంత్రికి ముఖాలిఫ్‌లు, అందుకే ముందుగా ఆ రూట్ల మీద పడ్డారు అన్నది వాళ్ళ ఇల్జామ్. మాట సుప్రీంకోర్టు దాకా పోయింది. నేరుగా ముఖ్యమంత్రి మీద వేసిన ఆ ఇల్జామ్‌ని కాదంటూ ఆయన స్వయంగా అఫిడవిట్ వెయ్యలేదు. కోర్టు ఆ ఖామోషీని పట్టుకుంది. జవాబు ఇవ్వాల్సిన మనిషి జవాబు ఇవ్వలేదు గనక సర్కారు నీయత్ సరిగా లేదనే అనుకోవాల్సి వస్తోందని తేల్చింది. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి గారు ఇస్తీఫా ఇచ్చారు.

ఆ తర్వాత ఏమైంది? నాలుగు నెలలకే లాల్‌బహదూర్ శాస్త్రి గారి వజారత్‌లో కేంద్రమంత్రి అయ్యారు. 1967లో లోక్‌సభ స్పీకర్. 1977లో మా పక్కనే ఉన్న నంద్యాల నుంచి గెలిచి, అదే ఏడాది దేశానికి రాష్ట్రపతి. అంటే కుర్సీ దిగినందువల్ల ఆయనకి నుక్సాన్ ఏమీ జరగలేదు. పైగా ఇజ్జత్ మిగిలింది. ఇస్తీఫా ఇచ్చినవాడు ఓడిపోయినట్టు కాదనీ, తిరిగొచ్చే దర్వాజా తెరిచి పెట్టుకున్నట్టనీ ఆ జమానా నాయకులకి తెలుసు.

శాస్త్రి గారి సంగతీ అదే. 1956లో ఆయన రైల్వే మంత్రి. ఆ ఏడాది మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వంద మందికి పైగా చనిపోయారు. ఆయన ఇస్తీఫా ఇస్తే నెహ్రూ గారు ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాడులోని అరియలూర్ దగ్గర మళ్ళీ ఘోరం జరిగింది. ఈసారి శాస్త్రి గారు పట్టుబట్టి దిగిపోయారు. వంతెన ఆయన కట్టలేదు, రైలు ఆయన నడపలేదు. అయినా జవాబ్‌దారీ నాది అన్నారు. ఎనిమిదేళ్ళకి ప్రధాని అయ్యారు.

మన రాష్ట్రంలో 1992లో నేదురుమల్లి జనార్దనరెడ్డి గారిది ఆ బాపతులో దాదాపు చివరి కిస్సా. ప్రైవేటు మెడికల్ కాలేజీలకి ఇచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టేసి గట్టిగా తప్పుబడితే ముఖ్యమంత్రి పదవి వదిలారు. ఆయన కూడా తర్వాత పార్లమెంటుకి వెళ్ళారు. ఈ రోజుల్లో కోర్టు ఒక మాట అంటే కుర్సీ దిగిన ముఖ్యమంత్రిని మీరు ఎక్కడైనా చూశారా? ఇప్పుడు మాటలు కాదు, అరెస్టు వారెంటు వచ్చినా కుర్సీ కదలదు. ఎందుకని?

నాకు పత్రికల్లో ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఇరవై ఏళ్ళలో నేను చూసిన తరీఖాలు కొన్ని చెప్తాను. ఒకసారి తెలిస్తే ఏ నాయకుడు ఏ మెట్టు మీద ఉన్నాడో టీవీ చూస్తూనే మీరూ చెప్పగలరు.

మొదటిది టైము. ఇల్జామ్ వచ్చిన రోజు "చదివాక మాట్లాడతా" అంటాడు. మూడో రోజు "కోర్టులో ఉంది, మాట్లాడకూడదు" అంటాడు. మూడో నెలలో మనమే మర్చిపోతాం. టైము ఎంత పెద్ద దోస్తో చెప్పడానికి రషీద్ మసూద్ కేసు చాలు. 1990-91లో కేంద్రంలో ఆరోగ్య శాఖ సహాయమంత్రిగా ఉన్నప్పుడు, త్రిపుర కోటా మెడికల్ సీట్లను అర్హత లేనివాళ్ళకి ఇప్పించారన్నది కేసు. శిక్ష పడింది 2013లో. అంటే ఇరవై ఏళ్ళ పైమాటే. ఆ మధ్యలో ఆయన ఎన్నికల్లో నిలబడ్డారు, ఎంపీగా ఉన్నారు. రెండేళ్ళు, అంతకు మించి శిక్ష పడితే సభ్యత్వం వెంటనే పోతుందని 2013 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, దాని కింద సీటు పోగొట్టుకున్న మొదటి ఎంపీ ఆయనే. అప్పటికి ఆ మెడికల్ సీట్ల మీద హక్కు ఉండి పోగొట్టుకున్న పిల్లలు నలభై దాటిన మనుషులు. వాళ్ళకి దక్కిన ఇన్సాఫ్ ఏమిటి?

రెండోది కమిషన్. "నేనే విచారణ కోరుతున్నా" అనేది వినడానికి ఎంత ఈమాన్‌దారీ మాట! 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేసే కమిషన్ ఎవరికీ శిక్ష వెయ్యలేదు. రిపోర్టు రాసి సర్కారు చేతికిస్తుంది. దాని మీద ఏం చెయ్యాలో ఆ సర్కారే చెప్పాలి. గడువులు పెరుగుతాయి, జడ్జీలు మారతారు, సర్కార్లు మారతాయి. ఈలోపు ఎవరు అడిగినా "కమిషన్ చూస్తోంది" అన్న మాట ఒకటి జేబులో ఉంటుంది.

మూడోది కుర్సీని ఇంట్లోనే ఉంచుకోవడం. 1997 జులైలో దాణా కుంభకోణం కేసులో లాలూ ప్రసాద్ గారు దిగిపోక తప్పలేదు. దిగి, బేగమ్ సాహిబాని, రబ్రీదేవి గారిని ముఖ్యమంత్రి చేశారు. ఇస్తీఫా ఇచ్చినట్టూ అయింది, ఇవ్వనట్టూ అయింది.

నాలుగోది "ప్రజాకోర్టు". ఎన్నికల్లో గెలిస్తే మరక కడుక్కుపోయినట్టే అన్న వాదన. లాలూ గారికి 2013లో శిక్ష పడింది, పోటీ చేసే హక్కు పోయింది. 2015లో ఆయన పార్టీ 80 సీట్లతో బిహార్ అసెంబ్లీలో అన్నిటికంటే పెద్ద పార్టీ అయింది. అంటే జనం దాణా సొమ్ము సంగతిలో ఆయన బేగునాహ్ అన్నారా? అనలేదు. జనం వేరే సవాళ్ళకి జవాబు చెప్పారు. ఎవరొస్తే మా ఇజ్జత్ నిలుస్తుంది, ఎవరొస్తే మాకు భయం లేకుండా ఉంటుంది అన్నవి చూసుకున్నారు. ఓటు ఒకటే, సవాళ్ళు పది. నాయకుడు గెలిచాక ఆ పదింటిలో తనకి కావలసిన సవాల్‌కి మాత్రమే జవాబు వచ్చిందంటాడు.

ఐదోది మా పేశాకి సంబంధించినది, సిగ్గుతోనే చెప్తున్నా. తెలుగులో ఏ పత్రిక ఏ పార్టీదో, ఏ ఛానెల్ ఎవరి వైపో పాన్ డబ్బా దగ్గర నిలబడ్డవాడు కూడా చెప్తాడు. ఒక పత్రికలో పతాక శీర్షికగా వచ్చిన కుంభకోణం ఇంకో పత్రికలో కుట్రగా వస్తుంది. రెండూ చదివేవాడు వందలో ఒకడుండడు. మిగతావాళ్ళు ఎవరి అఖ్బార్ వాళ్ళు చదువుకుని, ఎవరి యకీన్ వాళ్ళు గట్టి చేసుకుంటారు. నాయకుడికి ఇంతకంటే పెద్ద ఢాలు ఇంకేం కావాలి?

అయితే ఈ తరీఖాలు అందరికీ పనిచెయ్యవు. 2001 మార్చిలో తెహల్కా వాళ్ళు రహస్యంగా తీసిన వీడియోలు బయటపడ్డాయి. మన హైదరాబాద్ వాడు, అప్పటి బీజేపీ అధ్యక్షుడు బంగారు లక్ష్మణ్ గారు లక్ష రూపాయలు తీసుకోవడం దేశమంతా చూసింది. ఆయన దిగిపోయారు. అదే గొడవలో రక్షణ మంత్రి జార్జి ఫెర్నాండెజ్ గారూ దిగారు. దాదాపు ఏడు నెలలకే, ఇంకా కమిషన్ విచారణ నడుస్తుండగానే, అక్టోబరులో ఫెర్నాండెజ్ గారు అదే శాఖకి తిరిగొచ్చారు. లక్ష్మణ్ గారికి మళ్ళీ ఆ దర్జా దక్కలేదు. 2012లో నాలుగేళ్ళ శిక్ష పడింది, 2014లో కన్నుమూశారు.

కెమెరాలో నోట్లు పట్టుకున్న మనిషి, పట్టుకోని మనిషి ఒకటి కాదు, ఒప్పుకుంటా. లక్ష్మణ్ గారి తప్పుని తక్కువ చెయ్యడం లేదు. కానీ ఆయన దళితుడు, తన వెనక సొంత వర్గం లేని మనిషి. ఫెర్నాండెజ్ గారు అప్పటి కూటమికి అవసరమైన మనిషి. పార్టీలు మనిషి గునాహ్‌ని తూకం వెయ్యవు, వాడితో ఉన్న అవసరాన్ని తూకం వేస్తాయి. అవసరం ఉన్నవాడికి వకీళ్ళు, మైకులు, సభలు అన్నీ వస్తాయి. లేనివాడు ఒంటరిగా కోర్టు మెట్లెక్కుతాడు.

ఇక మన ఇంటి మాటకొద్దాం. ఇది చదివి కొందరికి కోపం రావచ్చు, మాఫ్ చెయ్యండి.

ఎ.ఆర్. అంతులే గారు మహారాష్ట్రకి మొదటి ముస్లిం ముఖ్యమంత్రి. ఇప్పటిదాకా ఆయన ఒక్కడే. ఆ రోజుల్లో సిమెంటు కోటా మీద దొరికేది, సర్కారు రాసిస్తేనే వచ్చేది. కోటా కావలసిన బిల్డర్లు ఆయన పెట్టిన ట్రస్టులకి చందాలు ఇచ్చారన్నది ఇల్జామ్. అందులో ఒకటి ఇందిరాగాంధీ గారి పేరు మీద పెట్టిన ట్రస్టు. 1982 జనవరిలో బొంబాయి హైకోర్టు తప్పుబట్టింది, ఆయన ఇస్తీఫా ఇచ్చారు. కేసు ఏళ్ళ తరబడి సుప్రీంకోర్టుకీ కింది కోర్టుకీ మధ్య తిరిగింది. చివరికి శిక్షేమీ పడలేదు. ఇప్పుడు లా చదివే పిల్లలకి అంతులే పేరు తెలిసేది సిమెంటు వల్ల కాదు. త్వరగా విచారణ జరిపించుకునే హక్కు గురించి 1991లో ఆయన కేసులో వచ్చిన తీర్పు వల్ల. 1995లో కేంద్ర ఆరోగ్య మంత్రి అయ్యారు, 2006లో మైనారిటీ వ్యవహారాల మంత్రి.

మా ఇంట్లో ఆయన పేరు వస్తే అబ్బా ఒకటే మాట అనేవాడు: "ముసల్మాన్ కాబట్టే దించారు." నేను చిన్నప్పుడు అది పూర్తిగా నమ్మాను. పత్రికల్లోకి వచ్చాక ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చని కూడా అనిపించింది. మన వాళ్ళ తప్పుని ఈ దేశంలో భూతద్దంలో చూస్తారు, అది నాకు కొత్త కాదు. ఏదైనా బాంబు పేలిందంటే, ఎవరి పేరు వస్తుందో అని వార్త పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునే ఇళ్ళు మనవి. కానీ చందాలకీ సిమెంటుకీ లెక్క చెప్పమని అడగడం మాత్రం తాస్సుబ్ కాదు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. వాళ్ళు మనల్ని ఎక్కువగా అనుమానిస్తారు, మనవాడు తప్పు చేశాడు. మొదటి నిజాన్ని పట్టుకుని రెండోదాన్ని కప్పెయ్యడమే ఖౌమ్ పేరుతో జరిగే పెద్ద ధోకా.

అజహరుద్దీన్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ గొడవలో, మైనారిటీ వాణ్ణి కాబట్టే నన్ను ఇరికిస్తున్నారన్నట్టు ఆయన మాట్లాడారు. అది పెద్ద దుమారమైంది, తర్వాత విచారం చెప్పుకున్నారు. బోర్డు జీవితకాలం నిషేధం వేసింది. 2009లో ఆయన మొరాదాబాద్ నుంచి ఎంపీ అయ్యారు. 2012లో మన హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. చూడండి, ఆయనకి అంతో ఇంతో ఊరట దొరికింది అదాలత్‌లో, కాగితాల మీద. మైనారిటీ అన్న మాట వల్ల ఆయనకి ఒరిగిందేమీ లేదు. పైగా నిజంగా తాస్సుబ్‌కి బలైనవాడు రేపు అదే మాట అంటే నమ్మేవాళ్ళు ఒకరు తగ్గారు.

ఇవన్నీ పెద్దవాళ్ళ కిస్సాలు. నాది ఒకటి చెప్పి ముగిస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న ఊళ్ళో కంట్రిబ్యూటరుగా ఉన్నాను. అక్కడ వక్ఫ్ దుకాణాలు కొన్ని ఉండేవి. వాటి కిరాయి ఆమ్దానీ ఆడపిల్లల మదర్సాకి పోవాలని వక్ఫ్‌నామాలో రాసి ఉంది. ఆ గదుల్లో నాలుగు, మన లీడర్ సాబ్ ఒకాయన తన రిష్తేదారుల పేర్ల మీద తీసుకుని, వక్ఫ్‌కి నామమాత్రం కిరాయి కట్టి, బయటివాళ్ళకి పదింతలకి ఇచ్చుకున్నాడు. మదర్సా పైకప్పు కారేది. వానాకాలం పిల్లలు బకెట్ల మధ్య కూర్చుని చదువుకునేవాళ్ళు. రసీదులు దొరికాయి, రాశాను.

మొదటిరోజు ఆయన నవ్వాడు. రెండోరోజు "విచారణ వెయ్యమనండి" అన్నాడు. జుమా రోజు మసీదు బయట నిలబడి, "మన ఇంటి గుట్టు వేరేవాళ్ళ అఖ్బార్‌లో వేసి ఖౌమ్‌ని బద్నామ్ చేస్తున్నారు" అన్నాడు. అంతే. దుకాణాల మాట అక్కడితో పోయింది, గద్దార్ ఎవడన్న మాట మొదలైంది. మా అబ్బా దగ్గరికి నలుగురు పెద్దలు వచ్చారు. "సాబ్, మీ అబ్బాయి రాసింది నిజమే. కానీ రాయాల్సింది కాదు" అన్నారు. నిజమేనని ఒప్పుకున్నారు చూడండి! అబ్బా ఏమీ అనలేదు. వాళ్ళు వెళ్ళాక అమ్మీ మాత్రం వంటింట్లోంచి, "ఆ పిల్లల్లో వీళ్ళ పిల్లలు ఒక్కళ్ళూ లేరు కదా" అంది.

ఆ తర్వాత మున్సిపల్ ఎన్నికల్లో ఆయన గెలిచాడు. చావైనా, షాదీ అయినా ముందుండే మనిషి. ఆసుపత్రికి కారు పంపేవాడు, రేషన్ కార్డుకి సంతకం పెట్టించేవాడు. జనం పిచ్చివాళ్ళేమీ కాదు. ఆఫీసుల్లో మన అర్జీ కదలదు, ఆయన ఫోన్ చేస్తే కదులుతుంది. అందుకే ఓటేశారు. మన హక్కుగా రావలసిన పనిని ఆయన ఎహ్సాన్‌గా మార్చాడు. ఆ ఎహ్సాన్ కింద నాలుగు దుకాణాలు కప్పడిపోయాయి.

ఇంకో మాట దాచకుండా చెప్తాను. రెండేళ్ళ తర్వాత రమజాన్‌లో ఆయన ఇచ్చిన ఇఫ్తార్‌కి నేనూ వెళ్ళాను. పక్కన కూర్చోబెట్టుకుని తన చేత్తో ఖజూర్ ఇచ్చాడు. తిన్నాను. ఆ తర్వాత ఆ దుకాణాల గురించి ఇంకొక్క వార్త కూడా రాయలేదు. ఆయన నన్ను బెదిరించలేదు, కొనలేదు. ఒంటరిగా ఉండి ఉండి విసిగిపోయాను, అంతే. నాయకులు బతికిపోయేది మన ఆ విసుగు మీద కూడా.

అందుకే చాచా అన్నదానికి నవ్వాక నాకు నిద్ర పట్టలేదు.

మన దీన్‌లో దీనికి కొలబద్ద లేక కాదు. జకాత్ వసూలుకి వెళ్ళొచ్చిన ఒకాయన ఇది మీది, ఇది నాకు తోఫాగా ఇచ్చారు అని విడదీసి పెడితే, అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ తోఫాలు వచ్చేవేమో చూసుకోవాల్సింది అన్న అర్థంలో హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం నిలదీసిన హదీస్ మనకి తెలుసు. సిమెంటు చందాకైనా, పార్టీ ఫండ్‌కైనా, పండక్కి ఇంటికొచ్చే బుట్టకైనా ఆ ఒక్క సవాల్ చాలు. కుర్సీ లేకపోతే ఇది వచ్చేదా?

తౌబా గురించీ చిన్నప్పుడే చదువుకున్నాం. చేసినదానికి నదామత్ ఉండాలి, ఆ పని ఆపెయ్యాలి, మళ్ళీ చెయ్యనని గట్టిగా అనుకోవాలి. ఇంకొకరి హక్కు తిన్నదైతే అది వాపస్ చెయ్యాలి. నాయకులు చెప్పే మాఫీల్లో మొదటి మూడూ నోటిమాటగా ఎప్పుడైనా వినపడతాయి. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అంటారు. నాలుగోది మాత్రం ఎక్కడా కనపడదు. తిన్నది వాపస్ రాదు. బందాల హక్కు బందాలకి తిరిగివ్వకుండా తౌబా పూర్తి కాదని మౌల్వీ సాబ్ చెప్తే తలూపే మనం, ఓటు దగ్గర ఆ నాలుగో షరతు ఎందుకు అడగం?

నేను ఎవరికి ఓటెయ్యమనీ, ఎవరికి వెయ్యొద్దనీ చెప్పడం లేదు. ఇల్జామ్ వచ్చిన ప్రతివాడూ ముజ్రిమ్ అనీ అనడం లేదు. అబద్ధపు కేసుల్లో ఏళ్ళు పోగొట్టుకున్న మన కుర్రాళ్ళని చూసినవాళ్ళం. సబూత్ లేకుండా ఫైసలా ఇవ్వకూడదని మనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? ఆ న్యాయమే మనోడికీ, వేరేవాడికీ ఒకేలా ఉండాలి అంటున్నాను. మనోడైతే సాజిష్, వేరేవాడైతే సచ్ అంటే, రేపు మన పిల్లాడి కేసులో వేరేవాళ్ళు కూడా అదే తరాజు తీస్తారు.

ఆ మదర్సా ఇప్పటికీ ఉంది. పైకప్పు మీద రేకులు వేశారు, అది కూడా ఊరివాళ్ళ చందాతో. దుకాణాల కిరాయి సంగతి మళ్ళీ ఎత్తుకోవాలని రసీదుల ఫైలు బయటికి తీశాను. కాగితాలు పసుపెక్కాయి గానీ అంకెలు కనపడుతున్నాయి.

వచ్చే జుమా చాచా మళ్ళీ ఆ బెంచీ మీదే ఉంటాడు. టీవీలో మళ్ళీ ఎవడో ఒకడు వస్తాడు. ఆయన "మనోడేనా?" అంటే ఈసారి నవ్వను. "మనోడే అనుకో చాచా, సొమ్ము ఎవరిది?" అని అడుగుతాను.